చిన్నబాబు వీపు

"తాతా, మా ఆఫీసుల చనిపోయిన నటుని ముఖం కంప్యూటర్ల తయారు చేస్తున్నం. సినిమా సగంల ఉండంగ పోయిండట. మీ కాలంల గిట్లయితే ఏం చేసేటోళ్ళు?"

ఏం చేసేటోళ్ళా. నన్ను నిలబెట్టేటోళ్ళు బిడ్డా. నవ్వకు శ్రావణీ, ఉన్నదే చెప్తున్న. కూసో, ఆ కుర్చీ ఇటు జరుపుకో. అంజమ్మా, పిల్లకు జర చాయ్ పెట్టు.

నేను గీ ఫిల్మ్ నగర్‌కు వచ్చినప్పుడు గిన్ని ఇండ్లు యాడున్నయి. అన్ని బండలే. మోతీనగర్‌ల మా నాయినది కిరాయి ఇల్లు, గాడికెళ్ళి సైకిల్ మీద వస్తుంటి. సెట్ల లైట్లు మోసే పని. మీ అమ్మమ్మ, అదే నా చెల్లె, గప్పటికింక పెళ్ళి కాలె... కాదు కాదు, అయ్యింది, మీ అమ్మ కడుపుల ఉండె. సరే, అది ఇడిచిపెట్టు. ఒక దినం కెమెరా ఆయన నన్ను పిలిచి, "నువ్వు అటు తిరుగు" అన్నడు. తిరిగిన. ఎనుక కెళ్ళి ఇంకో ఇద్దరొచ్చి నిలబడ్డట్టు తెలుస్తుంది నాకు. ఆఖరికి "అచ్చం చిన్నబాబే" అన్నడు.

చిన్నబాబు అంటే హీరో. అసలు పేరు నేను చెప్ప, సెట్ల అందరు గట్లనే పిల్శేటోళ్ళు. మరీ పెద్ద హీరో కాదు, చిన్న గూడ కాదు. మంచిగ నవ్వేటోడు. ఎత్తు, భుజాలు, మెడ, నడక, అన్నీ నా తీరే. ముఖం మాత్రం, ఇగ నువ్వే చూస్తున్నవ్ గద నా ముఖం. ఏందంటే, షాటుకు ముంగట లైట్లు సర్దనీకి మస్తు టైం పడ్తది. అప్పటిదాంక హీరో నిలబడడు గద. ఆయన జాగల గంతే ఎత్తున్నోడు నిలబడాలె. గుర్రం మీద దూరంగ పోవాలన్నా, వాన్ల ఉరకాలన్నా వాడే. డూప్ అంటరు. గదే నా పని. ఆయన వచ్చి "లే యాదగిరీ, వేడి చేసి పెట్టావా కుర్చీని" అనేటోడు. నాకు మంచిగ అనిపించేది.

ఒక వానకాలం ఆయనకు జరమొచ్చింది. జరం పోయి కామెర్లయినయి. దవాఖానల పడ్డడు, ఇగ రాలె. చిన్న వయసు.

సినిమా ఇంకా జర మిగిలుండె. నిర్మాత మధ్యల ఇడిచిపెట్టలేడు. డైరెక్టర్ నన్ను పిల్శి, "యాదగిరీ, నువ్వు ముఖం చూపించకు. మిగతాది నేను చూసుకుంటా" అన్నడు. బట్టలు ఆయన ఇంటికెళ్ళే వచ్చినయి, సూట్‌కేసుల. ఉతికినయి గూడ కాదు. నీలం అంగీ తొడిగినప్పుడు ఆయన పూసుకునే అత్తరు వాసనొచ్చింది, జేబుల ఒక ఇలాచి కాయ ఉండె. ఆయనకు అది నమిలే అలవాటు. బట్టలాయన నాకు గుండీలు పెడుతున్నడు. నా ముఖం దిక్కు చూస్తలేడు.

మొదటి దినం ఏమయ్యిందో చెప్త ఇను. నేను నడ్శిపోతున్న, "కట్" అన్నరు. అలవాటుగ ఎనుకకు తిరిగిన. చెల్లె వేషం వేసే పిల్ల నన్ను చూసి కూలబడి ఏడ్శింది. నన్ను చూసి భయపడి కాదు. నేను తిరిగేదాంక గాడ చిన్నబాబు ఉన్నడు బిడ్డా. తిరగంగనే లేడు. నేను తిరిగినప్పుడల్లా ఆయన మళ్ళ చచ్చిపోతున్నడు. సమజైందా? ఇగ గప్పటి సంది డైరెక్టర్ ఏమన్నడంటే, "కట్ అన్నా తిరగకు, అట్లనే బయటికి పో" అన్నడు. నేను పోతుంటే సెట్ల సప్పుడు బంద్. ఎవలో ఎనుక కెళ్ళి వచ్చి నా వీపు మీద మెల్లగ చెయ్యి పెట్టి పోయేటోళ్ళు. ఎవలో నాకు తెల్వదు, నేను తిరగొద్దు గద. బువ్వ గూడ గోడ దిక్కు కూసోని తింటుంటి.

సినిమాల ఆఖరి షాట్ జూబ్లీహిల్స్‌ల ఒక పాత బంగళాల పెట్టిన్రు. షూటింగులకు కిరాయికిచ్చే బంగళా, పొడుగు వరండా. నేను గా కొసకు నడ్శిపోవాలె, గంతే. పొద్దుగాల పదైతుండొచ్చు, కాని మబ్బు పట్టి మసక మసకగ ఉంది. నడుస్తున్న. సగం దాంక పోయిన. ఎనుక కెళ్ళి ఎవలో "బుజ్జీ" అన్నరు. గట్టిగ కాదు. ఇంట్ల అమ్మ బువ్వకు పిలిచినట్టు.

నా కాళ్ళు ఆగినయి. నేను ఆపలె బిడ్డా, ఇప్పటికీ అదే చెప్త, అవే ఆగినయి. నా నోట్లకెళ్ళి "ఆఁ" అని వచ్చింది. నా గొంతు లెక్కనే లేదు.

"తిరగొద్దు నాయనా. అలాగే ఉండు. కాసేపు అలాగే ఉండు" అన్నది ఆమె.

ఆమె చిన్నబాబు వాళ్ళ అమ్మ. సుశీలమ్మగారు. గుంటూరు దిక్కు వాళ్ళు, చర్చికి పోయేటోళ్ళు. కొడుకు ఆఖరి షాట్ చూడనీకి వచ్చిందట, నాకెవలు చెప్పలె. ఆమె ఎంత సేపు చూసిందో ఏమో. వాన మొదలయ్యింది. ఎవ్వలు "కట్" అనలె.

తర్వాత మనిషిని పంపింది. ఆదివారం చర్చి అయినంక ఒక్కసారి ఇంటికి రమ్మని. పోయిన. పెద్ద హాలు, కిటికి ముంగట ఒక కుర్చీ. కిటికి దిక్కు ముఖం పెట్టి కూసోవాలె, ఆమె నా ఎనుక సోఫాల కూసుంటది. నీలం అంగీ ఏసుకోవాలె. గంతే. ఆమె మాట్లాడుతది. "తిన్నావా? ఏంటి, చిక్కిపోయావు. నాన్నగారి ఫొటోకి దండ మార్చాను" గిట్లాంటియే. నేను ఏం అనకపోయేటోణ్ణి. అనక్కర లేకుండె. ఆమె జరసేపు ఆగి, "అట్టాగా" అని నవ్వేది. నేను ఏం చెప్పకుండనే. మళ్ళ ఆగేది, మళ్ళ "సరేలే, నీ ఇష్టం" అనేది. ఎవరి జవాబు ఇంటుందో ఆమెకే తెలవాలె.

కిటికి అద్దంల నాకు ఆమె కనబడేది. ఆమె నన్ను చూస్తుండేది కాదు. నా భుజం పక్కన, జర పైన, గాడ చూస్తుండేది. నేను చూస్తె గాడ ఏం లేకుండె.

పోకపోతే ఏమయ్యేదంటవ్? నిజమే. కాని నాకు పాపమనిపించింది. మనుషులంటే నాకు మొదటి సంది జర ఇది ఎక్కువ, ఇష్టం. ఒక ఆదివారం, ఇంకో ఆదివారం, గట్ల నెలలు గడిచినయి. ఒక దినం ఆమె లేచి వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "ఎందుకురా ఇంత చల్లగా ఉన్నావు" అన్నది. ఎండకాలం బిడ్డా. నేను నా చెయ్యి ముట్టుకుని చూసుకున్న. చల్లగనే ఉంది.

సినిమా ఇడుదలయ్యింది. నేను, అంజమ్మ, ఆలుమగలం ఇద్దరం టోలిచౌకి దిక్కు ఒక టాకీసుల చూసినం. ఆఖర్ల నా వీపు పోతుంటది, పోతుంటది, సగంల ఆగుతది. ఆమె పిలుపు తీసేసిన్రు, నా "ఆఁ" తీసేసిన్రు, ఆగింది మాత్రం ఉంచిన్రు. హాలంత ఏడుస్తున్నది. అంజమ్మ గూడ. నేను పక్కనే ఉన్న, ఆమె తెర దిక్కు చూసుకుంట ఏడుస్తున్నది.

ఇగ గా తర్వాత నాకు పని లేదు. ఏ సెట్టుకు పోయినా, మంచి గడియ ఉందయ్యా, నువ్వు ఇయ్యాల రాకు అనేటోళ్ళు. చచ్చినోని వీపు అని పేరు పెట్టిన్రు నాకు. ఎదురొస్తే పక్కకు తప్పుకునేటోళ్ళు. నేను ఇంట్ల గూడ మాట తక్కువ చేసిన. నేను బిడ్డా, నోట్ల మాట ఆగని మనిషిని. చిన్నప్పుడు మా నాయిన "వీనికి ఊరి ముచ్చట్లన్నీ గావాలె" అని తిట్టేటోడు. గసొంటి నేను గోడ దిక్కు తిరిగి పండుకుంటున్న. ఒక దినం అంజమ్మ, "ఏందయ్యా, ఎప్పటి సంది నములుతున్నవ్ ఇలాచి?" అన్నది. నాకు ఇలాచి పడదు. చాయ్‌ల ఏస్తే చాయ్ తాగ. నోట్ల చూసుకుంటే ఉంది. నేను ఎప్పుడు కొన్ననో, ఎప్పుడు ఏసుకున్ననో యాదికి లేదు.

అద్దంల చూసుకుంటే ఎవలిదో ముఖం లెక్క ఉంటుండె. అది నాదే, కాని అదనపుది అన్నట్టు. వీపుకు ముఖం ఎందుకు అనిపించేది.

గా తలపు ఎప్పుడొచ్చిందో చెప్పలే. నువ్వు అడుగుతవని చెప్తున్న, అది బెదిరిచ్చుకుంట రాలె. మెత్తగ వచ్చింది. "యాదగిరీ, నువ్వు ఎట్లాగు పోయినవ్ గద. పోయినోనివి ఇంకా తిరుగుడెందుకు" అని. నాకు నమ్మబుద్ధయ్యింది. భయం గూడ కాలె. ఇప్పుడు తలుచుకుంటే దానికే భయమైతది నాకు, గప్పుడు భయం కాలేదని. ఒక పగటిపూట ఇంట్లకెళ్ళి ఎల్లిన, ఇగ తిరిగి రాను అనుకుని. ఎట్ల, ఏంది, అది నేను చెప్ప. నువ్వు అడగకు.

నడుస్తున్న. జూబ్లీహిల్స్‌ల ఒక చౌరస్తా కాడ పెద్ద సినిమా బోర్డు మారుస్తున్నరు. గప్పుడు కాయితం ముక్కలు ముక్కలు అతికిస్తుండిరి. కింది కెళ్ళి పైకి వస్తున్నరు. కాళ్ళయినయి, నడుమయ్యింది, ఛాతి అయ్యింది. తల లేదు. ఎర్ర అంగీ ఏసుకుని తల లేని మనిషి అంత ఎత్తున నిలబడ్డడు. ఇగో, నేనే, అనుకున్న.

కాని బిడ్డా, నాకున్న పాడు గుణమేందంటే ఆరా. ఎవలిది గా ఒళ్ళు? ఎవలి సినిమా? గీ పొట్ట చూస్తే ఫలానాయన తీరు ఉంది, గీ చెయ్యి చూస్తే కాదనిపిస్తుంది. ముఖం అతికించేదాంక చూసి పోదమనుకున్న. జరసేపే గద. నిలబడ్డ. వాళ్ళేమో చాయ్ తాగనీకి దిగిన్రు. నేను గాడనే నిలబడ్డ. మళ్ళ ఎక్కి ముఖం ముక్క తప్పు అతికించిన్రు. కండ్లు కిందికి, మీసం పైకి వచ్చింది. కింది కెళ్ళి మేస్త్రీ ఒర్లుతున్నడు, "అరే, మీసం నొసలు మీద పెట్టినవేందిరా" అని. పైనోడు ఏమన్నడో తెలుసా? "కొత్త హీరో అన్న, నాకెట్ల తెలుస్తది" అన్నడు.

నాకు నవ్వొచ్చింది. నేను నవ్వుడు నేనే ఇన్న. ఎన్ని నెలలకో. మేస్త్రీ నా దిక్కు తిరిగి, "నువ్వే చెప్పు అన్నా" అన్నడు. నా ముఖం చూసి మాట్లాడిండు బిడ్డా. ముఖం చూసి. నేను చెప్పిన, జర ఎడమకు జరపమని. గట్ల నిలబడి నిలబడి ఆకలయ్యింది. ఆకలి ఎట్లుంటదో గూడ మర్శిపోయిన గద, మొదలు కడుపు నొస్తుందనుకున్న.

ఇంటికొచ్చిన. తలపు పోలె, ఇంకా ఎనుకనే ఉంది, నేను ఎటు పోతే అటు. కాని నేను జర పక్కకు జరిగినట్టయ్యింది. గా సందుల అంజమ్మకు చెప్పేసిన. ఉన్నదున్నట్టు. "నాకు చచ్చిపోవాలనిపిస్తుందే" అని. ఆమె ఏడ్శి మొత్తుకోలె. నా చెయ్యి పట్టుకుని కూసుంది. "ఎప్పటి సంది?" అన్నది. "ఇయ్యాల ఏమన్న చేసుకుందామనుకున్నవా?" అన్నది. సీదా అడిగింది. అడిగినంక నాకు హల్కగ, బరువు దిగినట్టు అనిపించింది. మీ అమ్మమ్మకు కబురు పెట్టింది, ఆమె వచ్చి నా పక్కన కూసుని ఏవేవో పెండ్లి ముచ్చట్లు చెప్పుకుంట కూసుంది. నన్ను ఒక్కణ్ణి ఉండనియ్యలె ఇద్దరు.

పొద్దుగాల అంజమ్మ, "నడువు, గా అమ్మకు నీ ముఖం చూపియ్" అన్నది. ఆదివారం గాదు. నీలం అంగీ గూడ ఏసుకోలె, నా అంగీనే. సుశీలమ్మగారు తలుపు తీసి నన్ను ముంగట కెళ్ళి చూసింది. గన్ని నెలల్ల మొదటిసారి. నేను తిరిగితే ఆయన చచ్చిపోతడు గద, అదే బుర్రల తిరుగుతున్నది. ఆమె గూడ కూలబడుతదనుకున్న.

"అమ్మా, నేను కూసున్నంత సేపు నువ్వు నీ కొడుకుతోని మాట్లాడుతున్నవ్. నేను రోజు రోజు తక్కువైపోతున్న. నాకు బతకబుద్ధయితలేదు" అన్న.

ఆమె మొదలు నా భుజం పక్కన, జర పైన, గదే జాగల చూసింది. తర్వాత మెల్లగ, బరువు మోసినట్టు, కండ్లు దించుకుని నా ముఖం మీదికి తెచ్చుకుంది. తెచ్చుకుని, "నీ పేరేంటి నాయనా?" అన్నది.

గన్ని నెలలు పోయిన. పేరు అడగలె, నేను చెప్పలె. "యాదగిరి అమ్మా" అన్న. "యాదగిరి" అన్నది. మళ్ళొకసారి అన్నది. నా పేరు నాకు ఎవలో చేతుల పెట్టినట్టయ్యింది. గప్పుడు ఏడ్శింది ఆమె. ఏడ్శుకుంట చెప్పింది, "నువ్వెళ్ళిపోయాక ఆ కుర్చీ చూస్తూ నాకూ అలాగే అనిపిస్తుందయ్యా. మళ్ళీ ఆదివారం వస్తుంది కదా అని ఆగుతున్నాను" అని.

ఇద్దరం గట్ల ఒకే గదిల, ముఖం ముఖం చూసుకోకుండ, ఒకే దిక్కు పోతున్నమన్నట్టు. ఒకరికొకరికి తెల్వకుండ.

ఆమెనే కారు తీయించింది. తను, నేను, అంజమ్మ, ముగ్గురం డాక్టర్ కాడికి పోయినం, ఆమెకు తెలిసినాయన. నన్ను చూసిండు, ఆమెను గూడ చూసిండు. మందులు రాసిండు. రాసి, "గా దినం నిన్ను ఏం ఆపింది?" అని అడిగిండు. నాకు శరమయ్యింది. "పోస్టర్ సార్, ముఖం ఎవలిదో చూద్దమని" అన్న. ఆయన నవ్వలె. కుర్చీ ముంగటికి జరుపుకుని, "ఇంకా చెప్పు" అన్నడు. "నీకు ఆరా ఉంది. మనుషులంటే ఇష్టముంది. తప్పు చూస్తే నవ్వొస్తది. ఉన్నమాట చెప్పే నోరుంది. మందు నేనిస్తా. కాని మందు రాకముందు నిన్ను ఆపినయి గవే. వాటిని ఎండనియ్యకు" అన్నడు.

గప్పటి సంది నేను మస్తు ఆలోచించిన. గా గుణాలు నాకు పుట్టినప్పటి సంది ఉన్నయి గద, అయినా తలపు వచ్చింది. అంటే అవి గోడ కాదు బిడ్డా. జరసేపు ఆపేటియి. గా జరసేపట్ల మనం ఒక మనిషిని పట్టుకోవాలె, నోరు తెరవాలె. గంతే వాటి పని. పోయినోళ్ళకు మంచి గుణం లేదని మాత్రం ఎన్నడు అనకు. నాకన్నా నవ్వేటోళ్ళు, నాకన్నా ధైర్యమున్నోళ్ళు పోయిన్రు. వాళ్ళకు గా పూట ఏం అడ్డం రాలె. నాకు వచ్చింది.

సుశీలమ్మగారా? శానా ఏండ్లు బతికింది. కుర్చీ కిటికి కాడికెళ్ళి తీయించింది. ఆదివారం పోతుంటిమి, నేను, అంజమ్మ. ఎదురెదురుగ కూసుని చాయ్ తాగుతుంటిమి. చిన్నబాబు చిన్నప్పటి అల్లరి చెప్పేది. నేను నా ఎర్రి ప్రశ్నలన్నీ అడిగేటోణ్ణి. ఒకొక్కసారి మాట మధ్యల ఆగి, నా భుజం పక్కకు చూసేది. జరసేపయినంక, "ఆఁ, ఎందాకా చెప్పాను యాదగిరీ" అని మళ్ళ ఇటు వచ్చేది. రాకుండ మాత్రం ఎన్నడు ఉండలె.

నాకా? అప్పుడప్పుడు వస్తది గా తలపు. ముసలోడినయిన, ఇంకా వస్తది. మెత్తగ. గా గొంతు నాకిప్పుడు ఎర్కే. రాంగనే అంజమ్మకు చెప్త, "ఇగో, వచ్చింది" అని. ఆమె చేస్తున్న పని ఇడిచి వచ్చి కూసుంటది. అది జరసేపుండి పోతది.

చాయ్ సల్లారిపోయింది, తాగలె నువ్వు. బిడ్డా, నేను ఒకటి అడుగుత, ఏం అనుకోకు. నువ్వు వచ్చిన కాడికెళ్ళి చూస్తున్న. దినమంత చీకటి గదిల కూసుని చచ్చిపోయినోని ముఖం చేస్తున్నన్నవ్. కండ్ల కింద నల్లగయ్యింది. ముచ్చట సినిమా గురించి అడిగినవ్ గాని, నేను గా తలపు మాట అన్నప్పుడు నువ్వు ఊపిరి ఆపినవ్. నేను సీదా అడుగుత, అంజమ్మ నన్ను అడిగినట్టు. నీకు చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?

"...అప్పుడప్పుడు, తాతా."

ఆఁ.

మంచిగ చెప్పినవ్. మస్తు మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఏడువు, ఏం గాదు. నేను పరేషాన్ అయితలేను చూడు. అంజమ్మా, ఇటు రా, పొయ్యి ఆర్పి రా. పిల్ల ఇయ్యాల మన కాడనే ఉంటది. మీ అమ్మకు నేను ఫోన్ చేస్త, ఏం చెప్పాల్నో నువ్వు నేను కలిసి అనుకుందం. రేపు ఆఫీసుకు పోకు, డాక్టర్ కాడికి పోదం, నేనొస్త, అంజమ్మ వస్తది. నీకున్న గుణాలు నాకు తెల్వయా? చిన్నప్పుడు గోడ గడియారం ఇప్పి చూసిన పిల్లవు నువ్వు, లోపల ఎవలున్నరో అని. అదింకా ఉంది నీ తాన, యాడికి పోలె. జర అలిసిపోయింది గంతే.

చెయ్యి ఇటియ్యి. నా బిడ్డ నిండుగ బతకాలె. నా అసొంటి ముసలిదానివై, నీ మనుమరాలికి ముచ్చట్లు చెప్పి చెప్పి ఇసుగు పుట్టియ్యాలె. ఆకలయితుందా? అంజమ్మా, పొద్దుగాల పప్పు ఉందేమో చూడు... ఉంటది, నేను కొంచెమే తిన్న... జర నెయ్యి గూడ...